కరువు పనికి ఇంత సొగసు ఎందుకు?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోంది కదా? సరే. టిఫిన్ అయ్యాక ఉపన్యాసం పెట్టడం ఎంత ప్రమాదమో నిర్వాహకులకి తెలియక కాదు, నా మీద నమ్మకం అనుకుంటా. నిద్ర వస్తే మొహమాటపడకండి, కునుకు తీయండి, నేనేమీ అనుకోను.

ముందుగా ఒక మాట. నేను చరిత్రకారుణ్ణి కాను. సివిల్ ఇంజనీర్ని, ఇరవై ఏళ్లుగా నీళ్ల పైపులతో బతుకుతున్నవాణ్ణి. ఈ విషయం మీద పడ్డానంటే దానికి కారణం మా అమ్మ అడిగిన ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను, ఆ ఉక్రోషంతో చదవడం మొదలుపెట్టాను. అదే ఇవాళ మీకు చెబుతాను.

బాస్ట్రాప్ ఎంతమంది వెళ్లారు? చేతులెత్తండి. అబ్బో, చాలామందే. బక్కీస్‌లో పెట్రోలు కొట్టించుకుని వచ్చేసినవాళ్లు చెయ్యి దించండి. ఆఁ, ఇప్పుడు లెక్క తేలింది. మన టెక్సాస్‌లోనే, ఆస్టిన్ నుంచి తూర్పుగా యాభై కిలోమీటర్లు లేదు, అక్కడ ఒక స్టేట్ పార్క్ ఉంది. లాబ్లాలీ పైన్ చెట్ల అడవి. ఆ చెట్లు నిజానికి ఉండాల్సింది అక్కడ కాదు, తూర్పు టెక్సాస్ అడవుల్లో. వాటికి వంద మైళ్ల దూరంలో ఈ ముక్క ఒక్కటే విడిపోయి మిగిలింది కాబట్టి లాస్ట్ పైన్స్ అంటారు, తప్పిపోయిన పైన్లు అని.

2016లో మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడు అక్కడ ఒక క్యాబిన్ తీసుకున్నాం, రెండు రాత్రులకి. మా అమ్మకి అమెరికాలో ఏదీ పెద్దగా నచ్చదు. మాల్ చూపిస్తే "ఏముందిరా, అంగళ్లే కదా" అంటుంది. ఆ క్యాబిన్ దగ్గర మాత్రం కారు దిగి ఇంట్లోకి పోకుండా గోడ దగ్గరికి పోయింది. ఎర్రటి ఇసుకరాయి గోడ. కింద పెద్ద పెద్ద బండలు, నేలలోంచి మొలిచాయా అన్నట్టు, పైకి పోయేకొద్దీ చిన్న రాళ్లు. ఒక రాయి మీద ఉలి దెబ్బలు వరసగా కనిపిస్తున్నాయి. వాటి మీద వేలు పెట్టి రాస్తూ "ఇది మిషను పని కాదు, మనిషి పనే" అంది. ఎవరు కట్టారని అడిగితే నాకు తెలిసిందేదో చెప్పాను. 1930లలో ఇక్కడ పెద్ద మాంద్యం వచ్చింది, పనుల్లేవు, ప్రభుత్వం కుర్రాళ్లని పెట్టి, తిండి పెట్టి, జీతమిచ్చి ఇవన్నీ కట్టించింది అని.

"అంటే కరువు పని" అంది.

అవునమ్మా, కరువు పనే.

"కరువు పనికి ఇంత సొగసు ఎందుకురా?"

సీమ వాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఉపాధి హామీ పథకానికి కాగితం మీద ఎంత పెద్ద పేరున్నా మా ఊళ్లో జనం దాన్ని కరువు పనే అంటారు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైందే మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అంతకు ముందు తరాల సంగతి ఇంకోటి. మా అమ్మ వాళ్ల నాన్న కరువు పనిలో రోడ్డుకి కంకర కొట్టాడు. ఆమె చిన్నప్పుడు సద్ది మూట తీసుకుపోయి ఇచ్చేది. ఆమె లెక్కలో కరువు పని అంటే కంకర గుట్టలు, మట్టి తట్టలు, కొలతలు తీసే మేస్త్రీతో గొడవ. వానొస్తే కొట్టుకుపోయే కట్ట. ఎనభై ఏళ్లు నిలబడే గోడ కరువు పనిలో ఎలా పుట్టిందన్నది ఆమె సందేహం. చాలా న్యాయమైన సందేహం.

జవాబుకి ముందు కొంచెం వెనక్కి వెళ్దాం, తొందరగానే ముగిస్తాను. 1929లో న్యూయార్క్‌లో స్టాక్ మార్కెట్ కూలింది. 1933కి వచ్చేసరికి అమెరికాలో పని చేసేవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. టెక్సాస్‌కి స్టాక్ మార్కెట్ కంటే పత్తి ముఖ్యం. 1929లో పౌను పత్తి పదహారు, పదిహేడు సెంట్లు పలికింది. రెండేళ్లలో ఆరు సెంట్ల దగ్గరికి పడిపోయింది. ఈ హాల్లో గుంటూరు, వరంగల్ వైపు వాళ్లుంటే అక్కడితో కథ మొత్తం అర్థమైపోయి ఉంటుంది. పత్తి ధర మూడో వంతుకి పడితే ఇంట్లో ఏమేం జరుగుతాయో ఇంకొకరు చెప్పాలా? ఇంట్లో పెద్ద కొడుకు ఎక్కడైనా పని దొరుకుతుందేమోనని గూడ్సు రైలెక్కి తిరగడం, అది ఇక్కడ మామూలైపోయింది.

కొత్త అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేశాడు. మార్చి 31న ఈ కుర్రాళ్లకి పని కల్పించే చట్టం మీద సంతకమైంది. ఏప్రిల్ 7న మొదటి కుర్రాడు చేరాడు, ఏప్రిల్ 17న వర్జీనియా అడవుల్లో మొదటి క్యాంపు లేచింది. జూలై మొదటికల్లా రెండున్నర లక్షల మందికి పైగా క్యాంపుల్లో ఉన్నారు. నేను ప్రభుత్వ కాంట్రాక్టులతో రోజూ కొట్టుకునేవాణ్ణి, ఒక పైపు మార్చడానికి పర్మిట్ రావాలంటే ఎన్ని నెలలు పడుతుందో నాకు తెలుసు, అందుకే ఈ తేదీలు చదివినప్పుడు రెండోసారి చూసుకున్నాను. పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్, అందరూ సీసీసీ అంటారు.

పని ఎలా పంచుకున్నారంటే, మనుషుల్ని ఎంపిక చేసేది కార్మిక శాఖ, క్యాంపు నడిపేది సైన్యం, పని చేయించేది అటవీ శాఖో నేషనల్ పార్క్ సర్వీసో. కార్మిక సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి. రోజుకి డాలరు ఇచ్చి సైన్యం కింద పని చేయిస్తే బయట కూలీ రేట్లు ఏం కావాలి అని. అందుకని రూజ్‌వెల్ట్ ఏం చేశాడు, సంఘం నాయకుణ్ణే, రాబర్ట్ ఫెక్నర్ అనే మెషినిస్టుల యూనియన్ ఆయన్ని, తెచ్చి మొత్తం సీసీసీకి అధిపతిగా కూర్చోబెట్టాడు. రాజకీయం తెలిసినవాడు.

కుర్రాడికి పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు, ఇల్లు సాయం మీద బతుకుతూ ఉండాలి. తర్వాత వయసు నిబంధన కొంచెం సడలించారు. జీతం నెలకి 30 డాలర్లు. అందులో 25 నేరుగా ఇంటికి పోతాయి. కుర్రాడి చేతికొచ్చేది ఐదు. నాకు ఈ ఏర్పాటు మొత్తంలో బాగా నచ్చింది ఇదే. గల్ఫ్‌కి పోయిన కొడుకు పంపితే గానీ ఇంట్లో పొయ్యి వెలగని ఊళ్లు మనకి తెలుసు. ఇక్కడ పంపుతాడా లేదా అన్న టెన్షన్ తల్లికి లేదు, నెల తిరిగేసరికి చెక్కు వస్తుంది. ఆ ఐదు డాలర్లతో వీళ్లు సిగరెట్లు కొనుక్కున్నారు, శనివారం ఊళ్లోకి పోయి సినిమా చూశారు, ఆ ఊరి అమ్మాయిల్ని పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

ఇక టెక్సాస్. ఈ రాష్ట్రానికి ఒక విచిత్రం ఉంది. అమెరికాలో కలిసినప్పుడు తన భూములు తనే ఉంచుకుంది కాబట్టి ఇక్కడ కేంద్రం చేతిలో అడవులూ అవీ చాలా తక్కువ. స్టేట్ పార్కుల బోర్డు 1923 నుంచి ఉంది, డబ్బే లేదు. అప్పుడు కేంద్రం నుంచి కబురొచ్చింది, భూమి మీరివ్వండి, మనుషులు మావాళ్లు, జీతాలు మావి. ఇంకేం, ఊళ్లు పోటీలు పడ్డాయి. రెండు వందల మంది క్యాంపు ఒకటి వస్తే గుడ్లు, పాలు, మాంసం, కలప కింద స్థానికంగా నెలకి ఐదు వేల డాలర్ల దాకా ఖర్చవుతుందని లెక్క. 1933లో ఒక చిన్న ఊరికి అది లక్ష్మీదేవి నడిచి రావడమే. మొత్తం టెక్సాస్‌లో సుమారు 50 వేల మంది సీసీసీలో పని చేశారు. ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకుని వారాంతాల్లో పోయే స్టేట్ పార్కుల్లో దాదాపు ముప్పై వాళ్ల చేతి మీదుగా వచ్చినవే.

బాస్ట్రాప్‌కి రెండు సీసీసీ దళాలు వచ్చాయి, సైన్యం భాషలో కంపెనీలు అనేవాళ్లు, 1805, 1811 అని నంబర్లు. 1933 నుంచి 1939 దాకా ఉన్నాయి. ఇప్పుడు మా అమ్మ ప్రశ్నకి వద్దాం. ఇక్కడి నుంచి నా సొంత రంగం కాబట్టి కొంచెం సాగదీస్తాను, భరించండి.

ఏ నిర్మాణానికైనా ఖర్చు రెండు ముక్కలు, కూలీ ఒకటి, సామాను ఒకటి. మామూలు కాంట్రాక్టరు కూలీ తగ్గించాలని చూస్తాడు. మిషను తెస్తాడు, తయారైన తలుపు కొంటాడు, సిమెంటు దిమ్మెలు కొంటాడు. కరువు పనిలో లెక్క తలకిందులు. డబ్బు పోవాల్సింది మనిషి చేతికి, సిమెంటు కంపెనీకి కాదు. మన ఉపాధి హామీలో కూడా అరవై శాతానికి తగ్గకుండా కూలీకే పోవాలని నియమం పెట్టారు కదా, అదే ఆలోచన. ఈ నియమం ఉన్నచోట మామూలుగా ఏమవుతుంది? సామానుకి డబ్బుండదు కాబట్టి మట్టి పని చేయిస్తారు. గుంత తవ్వు, గట్టు వెయ్యి. మా తాత కంకర కొట్టింది అందుకే.

ఇక్కడ నేషనల్ పార్క్ సర్వీసు వాళ్లు అదే నియమాన్ని పట్టుకుని ఇంకో దారిన పోయారు. కొనే సామాను లేదా, సరే, చుట్టుపక్కల రాయి ఉంది, పైన్ ఉంది, సీడార్ ఉంది, పైసా ఖర్చు లేదు. మనుషులు రెండొందల మంది ఉన్నారు, వాళ్లకి తొందర లేదు. అయితే మనిషి చెయ్యి ఎంత ఎక్కువ పడితే అంత మంచిదయ్యేలా డిజైన్ చేద్దాం. నాకు ఇది చదివినప్పుడు నిజంగా ఒళ్లు జలదరించింది. మేం ఆఫీసులో పని గంటలు ఎలా తగ్గించాలా అని కొట్టుకుంటాం, వీళ్లు పని గంటలు ఎలా పెంచాలా అని గీశారు! రాతి క్వారీలో చేత్తో కొట్టారు. తలుపుల బందులు, గడియలు బజారులో కొనలేదు, క్యాంపులో కొలిమి పెట్టి ఇనుము కాల్చి సమ్మెటతో సాగదీసి చేశారు. మంచాలు, కుర్చీలు, బల్లలు సొంత వడ్రంగి షాపులో చేశారు. బాస్ట్రాప్ షాపులో చేసిన ఫర్నిచర్ ఇతర పార్కులకి కూడా పోయింది. మీరు ఆ క్యాబిన్‌కి వెళ్తే తలుపు గడియ ఒక్కసారి చేత్తో పట్టుకు చూడండి. అంచు ఒకచోట కొంచెం లావు, ఒకచోట సన్నం. ఆ కొలిమి ముందు నిల్చున్న కుర్రాడు అంతకు ముందు పత్తి ఏరడం తప్ప ఏమీ తెలియనివాడు అయుండొచ్చు.

అక్కడే రెండో సంగతి. పత్తి ఏరే కుర్రాడికి రాయి పేర్చడం ఎవరు నేర్పారు? సంఘాలతో గొడవ వచ్చింది అన్నాను కదా, ఆ గొడవలోంచే ఒక మంచి పని పుట్టింది. ప్రతి క్యాంపులో కొందరు స్థానిక అనుభవజ్ఞుల్ని పెట్టుకోవాలన్నారు. చుట్టుపక్కల పని లేక కూర్చున్న తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కమ్మరులు. వీళ్లకి వయసు నిబంధన లేదు, పెళ్లి నిబంధన లేదు. ఒక మేస్త్రీ, ఆయన వెనక పది మంది కుర్రాళ్లు. మన దగ్గర మేస్త్రీ కింద కుర్రాడు ఏళ్ల తరబడి తట్టలు మోసి, తిట్లు తిని నేర్చుకున్నట్టే. కరువు పనిలో సామాన్యంగా కొరత ఉండేది ఈ మేస్త్రీకే. కూలీలు దొరుకుతారు, డబ్బు దొరుకుతుంది, నేర్పేవాడికి జీతం ఇవ్వాలని ఎవరికీ తోచదు.

మూడోది, ఆర్కిటెక్టులకి కూడా పని లేదు! మాంద్యంలో ఇళ్లు కట్టించుకునేవాడెవడు. కాబట్టి మామూలుగా అడవిలో టాయిలెట్ గీయమంటే మొహం చిట్లించే స్థాయివాళ్లు కూడా దొరికారు. బాస్ట్రాప్‌లో ఆర్థర్ ఫెర్ అని ఒక యువ ఆర్కిటెక్టు, తర్వాత ఆస్టిన్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. పై నుంచి చూసేవాళ్లలో హెర్బర్ట్ మేయర్ అని పార్క్ సర్వీసు ఆర్కిటెక్టు ఒకాయన ఉండేవాడు. వాళ్ల పట్టు ఏంటంటే కట్టడం నేలలోంచి లేచినట్టుండాలి, దాని ముందు చెట్టు చిన్నబోకూడదు. పార్కులో అందరూ కూర్చుని తినడానికి కట్టిన రిఫెక్టరీ ఉంది, దాని ముందు నిలబడి చూస్తే ఆ మాట అర్థమవుతుంది. అంత పెద్ద హాలు, దూరం నుంచి చూస్తే గుట్టలో ఒక భాగంలా ఒదిగి ఉంటుంది. 1997లో దేశం మొత్తానికి ముఖ్యమైన చారిత్రక కట్టడాల జాబితాలో ఈ పార్కుని చేర్చారు. స్టేట్ పార్కులకి అంత గౌరవం దక్కడం అరుదు.

క్యాంపు జీవితం సంగతి రెండు ముక్కల్లో. పొద్దున్నే బూర, వ్యాయామం, కడుపు నిండా టిఫిన్, ఎనిమిది గంటల పని, సాయంత్రం బేస్‌బాల్, చదువు, పది గంటలకి దీపాలు బంద్. చాలామందికి రోజుకి మూడు పూటలు తినడం అదే మొదలు, కొన్ని నెలల్లోనే ఒళ్లు చేశారు. బట్టలు మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయినవి ఇచ్చారు, కొలత ఒకరిది చొక్కా ఇంకొకరిది. దేశం మొత్తం మీద 40 వేలకు పైగా కుర్రాళ్లు క్యాంపుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నారు.

ఇంతవరకూ వినడానికి బాగుంది. మిగతాది కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. ఆ చట్టంలో జాతి, రంగు, మతం పేరుతో తేడా చూపకూడదని ఒక వాక్యం ఉంది. అది పెట్టించింది ఆస్కర్ డి ప్రీస్ట్, అప్పటికి కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు. ఆ వాక్యానికి ఏ గతి పట్టిందో వినండి. నల్లవాళ్లు జనాభాలో పదో వంతు కాబట్టి పదిమందిలో ఒకరికి మించి తీసుకోం అన్నారు, మాంద్యం వాళ్లనే ఎక్కువ కొట్టినా సరే. 1935లో ఫెక్నర్ నల్లవాళ్ల క్యాంపులు పూర్తిగా వేరు చేయమని ఆర్డర్ ఇచ్చాడు. ఇక్కడ ఉత్తరాన పాలో డ్యూరో కాన్యన్ ఉంది కదా, చాలామంది చూసే ఉంటారు, అందులో పని చేసినవాళ్లలో నల్లవాళ్ల కంపెనీలూ ఉన్నాయి, మొదటి యుద్ధంలో పోరాడి వచ్చిన నడివయసు సైనికుల కంపెనీలూ ఉన్నాయి. వాళ్ల మొదటి పని పైనుంచి లోయ అడుగుకి దారి వేయడం. మన కారు మెలికలు తిరుగుతూ దిగుతుంటే మనవాళ్లు వీడియో తీసే దారికి మూలం అదే. అయితే అటువంటి చెమట కార్చిన మనిషి తన పిల్లల్ని తీసుకుని టెక్సాస్ స్టేట్ పార్కుకి తెల్లవాళ్లతో సమానంగా పోవాలంటే 1960ల దాకా కుదరలేదు. మన ఊళ్లలో గుడి కట్టిన వడ్డెర మేస్త్రీ ఆ గుళ్లోకి ఎంతవరకు పోగలిగాడన్నది మనకి కొత్త ప్రశ్న కాదు కదా. ఆడవాళ్లకైతే సీసీసీలో చోటే లేదు. అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ పట్టుబడితే వేరుగా కొన్ని చిన్న క్యాంపులు పెట్టారు, వాటిని పత్రికలు 'షీ షీ షీ' అని వెక్కిరించాయి. మా అమ్మకి ఈ ముక్క చెబితే నమ్మలేదు, "ఆడోళ్లు లేకుండా కరువు పనా?" అంది. ఆమె చూసిన కరువు పనిలో సగానికి పైగా ఆడవాళ్లే.

కరువు పనుల చరిత్రలో మనవైపు లెక్క కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 1877 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ దొర రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకి ఖరారు చేసింది పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు, దాంతో రోజంతా మట్టి మోయాలి. మద్రాసులో బకింగ్‌హామ్ కాలువ ముక్క తవ్వింది ఆ కరువులోనే. ఆ అర కిలో తిన్న మనిషి దగ్గర సొగసు ఎక్కణ్ణుంచి వస్తుంది?

సరే, మళ్లీ బాస్ట్రాప్. 1942లో యుద్ధం వచ్చి సీసీసీ మూతపడింది. తొమ్మిదేళ్లలో దేశం మొత్తం మీద దాదాపు ముప్పై లక్షల మంది పని చేశారు, చాలామంది ఆ క్యాంపుల్లోంచి నేరుగా యుద్ధానికి పోయారు. కట్టడాలు మిగిలాయి. 2011 సెప్టెంబరులో, లేబర్ డే వారాంతంలో, ఇక్కడ అప్పటికే ఉన్నవాళ్లకి ఆ పొగ గుర్తుంటుంది, బాస్ట్రాప్ అడవి అంటుకుంది. పదహారు వందలకు పైగా ఇళ్లు కాలిపోయాయి, ఇద్దరు చనిపోయారు. పార్కులో 96 శాతం కాలింది. ఆ మంటల్లో అగ్నిమాపక సిబ్బంది ఈ క్యాబిన్ల చుట్టూ, రిఫెక్టరీ చుట్టూ నిలబడి కాపాడారు. అడవి బూడిదైంది, రాతి ఇళ్లు నిలిచాయి. అడవి పోతే నేల నీళ్లు పట్టదు, వచ్చిన వాన వచ్చినట్టే పారుతుంది. 2015 మేలో కుండపోత వాన పడింది, కుర్రాళ్లు వేసిన మట్టి కట్ట తెగి పార్కులో చెరువు ఖాళీ అయిపోయింది. డెబ్భై ఏళ్ల పైచిలుకు ఆగిన కట్ట.

మేం మా అమ్మని తీసుకుపోయింది ఆ మరుసటి ఏడాది. ఎటు చూసినా నల్లగా మాడిన మోడులు, వాటి కింద మోకాలెత్తు పైన్ మొలకలు. రెండో రోజు పొద్దున చెరువు వైపు నడిచాం. చెరువెక్కడుంది, గడ్డి మొలిచిన పల్లం, మధ్యలో తెగిన కట్ట. మా అమ్మ కట్ట చివరి దాకా పోయి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, గండిలోకి తొంగి చూసింది. ఎన్ని గంపల మట్టి పడుతుందో లెక్క వేస్తున్నట్టు చాలాసేపు చూసింది.

"గండి పూడ్చలేదేమిరా?" అంది. డబ్బు కావాలి కదమ్మా, బడ్జెట్ అదీ ఇదీ అన్నాను.

"కరువు పని పెట్టొచ్చు కదా" అంది, ఇంక క్యాబిన్ వైపు తిరిగి నడిచింది.

నేను ఇక్కడ ఆపుతాను. టీ చల్లారిపోతోందని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు.